సముద్రపు హోరులో రహస్యము

మైపాడు తీరమున సాయంకాలము కొంతసేపు నిలిచి చూచినవారికి ఈ దృశ్యము పరిచితమే యగును. ఒడ్డునకు వచ్చుచున్న పడవలోనివాడు నోటికిరువైపుల చేతులు చేర్చి కేక వేయును. ఆ కేకలో కొంత అలల హోరు మ్రింగివేయును. మోకాలిలోతు నీట నిలిచిన అతని తమ్మునికి చాలవరకు వినబడును. వెనుక సరుగుడుతోపు నీడలో కూర్చున్న చేపల బేరగానికి అంతకన్న తక్కువ వినబడును. వలలో ఏమి పడినదో తమ్మునికి తెలియవలెను, బేరగానికి తెలియరాదు. పడవ నిండుగా వచ్చుచున్నదని ముందే తెలిసినచో అతడు ధర తగ్గించును. ఆ ఇంటి వారపు సంపాదన యంతయు ఆ ఒక్క కేకపై ఆధారపడియుండవచ్చును.

ఇప్పుడొక ప్రశ్న. అన్నదమ్ములు కేకలకు ఏ పద్ధతి నేర్పరచుకొన్నను అది బేరగానికిని తెలిసియే యున్నదనుకొందము. దాచిన తాళపుచెవి ఏదియు లేదు. అట్టిచో బాహాటముగా కేక వేసి, తమ్మునికి అంతయు బోధపడునట్లును, బేరగానికి ఏమియు బోధపడకుండునట్లును చెప్పవచ్చునా? వీలుకాదని లోకజ్ఞానము చెప్పును. వీలగునని గణితశాస్త్రము 1975 నుండి చెప్పుచున్నది. చెప్పుటయే కాదు, నిరూపించుచున్నది.

తెలుగు పాఠము చెప్పుకొనువానికి ఈ గణితమేల యని ఉపాధ్యాయ సోదరులు అడుగవచ్చును. నిజమునకు ఈ విద్యలో సగము మనకు క్రొత్తది కాదు. తాటాకు ప్రతులను పరిష్కరించువారు చెడిన పాఠమును ఎట్లు పట్టుకొందురు? పద్యమున నాలుగు పాదములలోను రెండవ అక్షరము ప్రాసగా కుదురవలెను. లేఖకుడు అచ్చట ఒక్క అక్షరము తప్పినను ప్రాసభంగము వెంటనే కనబడును. యతిస్థానమున తప్పినను అంతియే. గణము తప్పినను అంతియే. అర్థము చెప్పుటకు ప్రాసతో పనిలేదు. కాని అర్థమును కాపాడుటకు ఆ అదనపు కట్టడి ఉపకరించును. వేదమును జటగా, ఘనగా వల్లించువారు పదములను ముందునకు, వెనుకకు, మరల ముందునకు త్రిప్పి చెప్పుటలోను ఈ ప్రయోజనమే కలదు. చెప్పవలసినదానికన్న ఎక్కువ చెప్పి, దారిలో కలుగు నష్టమును పూడ్చుకొనుటయే సంకేతరచనలోని మొదటి సూత్రము.

అయితే ఎంత ఎక్కువ చెప్పవలెను? దీనికి సమాధానము 1948లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పనిచేయుచుండిన క్లాడ్ షానన్ చెప్పెను. సున్న, ఒకటి అను రెండే చిహ్నములతో మాటాడుచున్నామనుకొందము. నూటికి పది చిహ్నములు దారిలో తారుమారగుచున్నవి. ఒక్కొక్క చిహ్నమును మూడుమారులు చెప్పి, విన్నవాడు మూడింటిలో రెండు ఏది చెప్పిన దానిని గ్రహించినచో తప్పు నూటికి పది నుండి సుమారు మూడునకు తగ్గును. ఇంకను తగ్గవలెనన్న ఐదుమారులు, ఏడుమారులు చెప్పవలెను. తప్పు సున్నకు దిగుకొలది మాట నత్తనడక నడచును. షానన్‌కు పూర్వము ఇది తప్పనిసరి యనియే తలంచిరి. అది తప్పని సరి కాదని ఆయన తేల్చెను. అట్టి దారిలో కూడ వేయి చిహ్నములకు సుమారు 531 చిహ్నములంత సమాచారమును, తప్పును కోరినంత చిన్నది చేసి, పంపవచ్చును. సమాచారమును విడివిడి చిహ్నములుగా కాక పెద్దపెద్ద మూటలుగా కట్టుటయే ఇందులోని కిటుకు. ఆ 531కి మించి పంపబోయినచో తప్పు తప్పదు. ఈ హద్దునే మార్గసామర్థ్యమనిరి.

సామర్థ్యము సంగతి అటుండనిండు. నన్ను పట్టి ఆపినది దాని నిరూపణము. మంచి సంకేతము ఒకటి కలదని షానన్ నిరూపించెను గాని, అది యేదో చూపలేదు! చూపుటకు ప్రయత్నింపనైన లేదు. సంకేతపదములన్నిటిని నాణెములెగురవేసి, బొమ్మ పడిన ఒకటి, బొరుసు పడిన సున్న యని వ్రాసికొమ్మనెను. అట్లు పుట్టగల సంకేతములన్నిటిలోను జరుగు తప్పులకు సగటు కట్టెను. ఆ సగటు అతిస్వల్పమని తేలెను. కావున ఆ సగటునకు మించని తప్పు గల సంకేతము కనీసము ఒకటి ఉండితీరవలెను.

మా కళాశాలలో గణితము బోధించు మిత్రులొకరు దీనిని వివరించినప్పుడు నేను ఒప్పుకొనలేదు. “చూపలేని వస్తువు ఉన్నదనుట నిరూపణమెట్లగును?” అని వాదించితిని. ఆయన చిరునవ్వుతో నా చేతిలోని పరీక్షాపత్రముల కట్టను చూపి, “ఈ తరగతిలో ఒక్కొక్కడు చేసిన సంధిదోషముల సగటు రెండని మీరే యంటిరి. రెండుకు మించని దోషములు చేసినవాడు ఒక్కడైన ఉన్నాడా లేడా?” అని యడిగెను. ఉండక తప్పదంటిని. “వాడెవడు?” అనెను. కట్ట విప్పకుండ చెప్పలేనంటిని. “కట్ట విప్పకుండనే వాడున్నాడని మాత్రము ప్రమాణము చేయుదురు గదా! షానన్ చేసినది అంతియే” అనెను. నాకు మారుమాట తోచలేదు. పొగను చూచి కొండపై నిప్పు కలదని చెప్పు మన నైయాయికుడును నిప్పును చూచి చెప్పుట లేదు గదా! అయితే ఆ కట్టను విప్పుటకు శాస్త్రజ్ఞులకు ఆరు దశాబ్దములు పట్టినది. 2009లో టర్కీ దేశీయుడైన ఎర్డాల్ అరికాన్ ప్రకటించిన ‘పోలార్’ సంకేతములు ఇట్టి దారిలో షానన్ హద్దును అందుకొనునని నిరూపింపబడినవి. తరగతిలోని ఆ విద్యార్థి పేరు పెట్టి పిలువగా లేచి నిలుచున్నట్లయినది. నేటి 5జి టెలిఫోను వ్యవస్థలో అదుపు సందేశములకు ఆ సంకేతములనే వాడుచున్నారు.

ఇక రహస్యము. దీనికొక చిన్న ఆట కలదు. విద్యార్థులు తరగతిలో ఆడి చూడవచ్చును. కిటికీలో మూడు దీపములు పెట్టుడు. ఒక్కొక్కటి వెలుగుచుండవచ్చును, ఆరియుండవచ్చును. వెలిగినదానిని 1 అనియు, ఆరినదానిని 0 అనియు వ్రాసినచో మొత్తము ఎనిమిది విధములు. వీనిని రెండు బుట్టలలో వేయుదము. వెలిగిన దీపముల సంఖ్య సరిసంఖ్య యైనవి, అనగా 000, 011, 101, 110, మొదటి బుట్టలోనికి. బేసిసంఖ్య యైనవి, అనగా 001, 010, 100, 111, రెండవ బుట్టలోనికి. మొదటి బుట్టకు “వచ్చెదను” అని అర్థము. రెండవదానికి “రాను” అని అర్థము. చెప్పువాడు తన మాటకు తగిన బుట్టలో చేయి పెట్టి, చూడకుండ ఒక చీటీ తీసి, ఆ విధముగా దీపములు పెట్టవలెను. మూడు దీపములను చూచు మిత్రునికి మాట వెంటనే తెలియును. పొంచియున్నవానికి ఏవేని రెండు దీపములే కనబడుచున్నవనుకొనుడు. రెండును వెలుగుచున్నవా? మూడవది ఆరియున్నచో “వచ్చెదను”, వెలుగుచున్నచో “రాను”. రెంటికిని సమానావకాశము. కనబడినవి ఎట్లున్నను అంతియే. మూడింట రెండువంతులు చూచియు వాడు గ్రహించినది శూన్యము! వానికి బుద్ధి చాలక కాదు. ఎంతటి గణకయంత్రము తెచ్చినను గ్రహించుటకు అచ్చట ఏమియు లేదు. అయితే చీటీ తీయుట మాత్రము మానరాదు. “వచ్చెదను” అనుటకు ప్రతిమారు 110నే పెట్టు బద్ధకస్థుని రహస్యము రెండు రోజులలో బయటపడును.

ఈ ఆటలోని బలమెచ్చటిది? మొదటి బుట్టలోని నాలుగు వరుసలను ఒకదానిక్రింద ఒకటి వ్రాసి, ఏవేని రెండు నిలువుగళ్లను చూడుడు: 00, 01, 10, 11 అను నాలుగు జంటలును ఒక్కొక్కమారు వచ్చియుండును. రెండవ బుట్టలోను అట్లే. అందుచేత రెండు గళ్లు మాత్రము చూచువానికి రెండు బుట్టలును ఒక్కటిగానే కనబడును. ఇట్టి పట్టికలను లంబ పట్టికలందురు. వీనికి సాధారణ సిద్ధాంతమును 1947లో ప్రకటించినవారు తెలుగువారైన కల్యంపూడి రాధాకృష్ణారావు గారు. 1920 సెప్టెంబరు 10న హడగళిలో పుట్టిన ఆయన బాల్యపు చదువు కొంత గూడూరులో సాగినది. గూడూరు 2022లో జిల్లాలను విభజించునంతవరకు మా నెల్లూరు జిల్లాలోనిదే. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివి, 1941లో కలకత్తాలోని భారత సాంఖ్యకశాస్త్ర సంస్థలో చేరి, లోకప్రసిద్ధుడై, 2023 ఆగస్టు 22న అమెరికాలో నూటరెండేండ్ల వయసున దివంగతుడయ్యెను.

విచిత్రమేమనగా, ఈ పట్టికలు రహస్యములకొరకు పుట్టినవి కావు. పొలములో పుట్టినవని చెప్పదగును. మొలగొలుకుల మడిలో రెండు విధముల విత్తనము, రెండు విధముల ఎరువు, రెండు విధముల నీటితడి పరీక్షింపవలెననుకొందము. అన్ని కూర్పులకు ఎనిమిది మళ్లు కావలెను. నాలుగే ఉన్నవి. అప్పుడు పైన చెప్పిన నాలుగు వరుసల ప్రకారము సేద్యము చేసినచో, ఏ రెండంశములను తీసికొన్నను వాని నాలుగు కూర్పులును సమముగా పరీక్షింపబడును. తక్కువ మళ్లతో నిష్పక్షపాతమైన పరీక్ష జరుపుటకు పనికివచ్చిన సమతయే, పొంచి చూచువానికి ఏ పక్షమును తెలియనీయని ముసుగుగా పనికివచ్చినది. సంకేతములకును ఈ పట్టికలకును గల బాంధవ్యమును 1973లో ఫిలిప్ డెల్సార్ట్ విశదీకరించెను. వైనర్, ఒజారో అనువారు 1984లో కొన్ని చిహ్నములను మాత్రమే చూడగల చోరుని సమస్యను పరిష్కరించిరి. మన దీపముల ఆట దానికి చిన్నపిల్ల వంటిది.

బుట్టల మహిమ ఇంతటితో తీరలేదు. అవే ఎనిమిది విధములను ఇప్పుడు నాలుగు బుట్టలలో వేయుదము: 000–111, 001–110, 010–101, 100–011. మైపాడులో ఒకడు, కృష్ణపట్నములో ఒకడు సముద్రమును చూచి గాలి కలదా, పెద్ద అల కలదా, వాన కలదా యని మూడంశములు వ్రాసికొనుచున్నారనుకొనుడు. ఇద్దరి వ్రాతలలో ఒక అంశమునకు మించి భేదముండదు. మైపాడువాడు తన వ్రాతను రెండవవానికి తెలుపవలెను. మూడు చిహ్నములు పంపనక్కరలేదు. తన వ్రాత యే బుట్టలోనిదో చెప్పిన చాలును. నాలుగు బుట్టలు గనుక రెండు చిహ్నములు చాలును. మైపాడు వ్రాత 101. “మూడవ బుట్ట” అని కబురంపెను. కృష్ణపట్నమువాని చేతిలో 100 ఉన్నది. బుట్టలోని రెంటిలో 010 తన వ్రాతతో రెండుచోట్ల భేదించును, 101 ఒక్కచోటనే భేదించును. కావున 101 అని నిశ్చయించెను. ఎదుటివానియొద్ద ఏమున్నదో మైపాడువానికి తెలియకున్నను ఈ పొదుపు సాధ్యమైనది! స్లెపియన్, వూల్ఫ్ అను ఇరువురు 1973లో దీని సాధారణ రూపమును నిరూపించిరి. ఒకే పని, అనగా పదములను బుట్టలలో పంచుట, ఒకచోట మాటను క్లుప్తపరచుచున్నది, మరియొకచోట మాటను దాచుచున్నది. ఈ విద్యలో నాకు మిక్కిలి ఆశ్చర్యము కలిగించినది ఇదియే.

మైపాడు తీరమునకు మరల వత్తము. మాటలను మరల సున్న, ఒకటులుగా భావింతము. తమ్మునికి నూటికి 5 చిహ్నములు తప్పుగా వినబడుచున్నవి. తోపులోని బేరగానికి 20. లెక్క వేసినచో వేయి చిహ్నముల కేకలో తమ్మునికి అందగల సమాచారము సుమారు 713, బేరగానికి అందగలది సుమారు 278. భేదము 435. ఆరన్ వైనర్ 1975లో నిరూపించినదేమనగా, ఈ భేదమంతటిని పూర్ణ రహస్యముగా వాడుకొనవచ్చును. పద్ధతి దీపముల ఆటలోనిదే. ఒక్కొక్క సందేశమునకు ఒక్క పదము కాదు, ఒక్క బుట్ట. 2ను 278 మారులు హెచ్చించినన్ని పదములు ఒక్కొక్క బుట్టలో. అన్న వానిలో ఒకదానిని చీటీ తీసి ఎన్నుకొని కేక వేయును. బేరగాని చెవికి గల శక్తియంతయు “బుట్టలో ఎన్నవ పదము?” అను పనికిమాలిన సంగతిని మోయుటకే సరిపోవును. “ఏ బుట్ట?” అను అసలు సంగతికి చోటు మిగులదు. ఈ బుట్టల సంకేతము కలదనుటకు నిరూపణము? షానన్ నాణెములే. యాదృచ్ఛికముగా పదములను వ్రాసి, సగటు కట్టి, మంచిది ఒకటి ఉండితీరునని తేల్చుటయే.

షానన్ 1949లో రహస్యలేఖనముపై వ్రాసిన వ్యాసములో ఒక నిరాశాజనకమైన సత్యమును చెప్పియుండెను: పొంచినవాడును సర్వము వినగలిగినచో, పూర్ణ రహస్యమునకు సందేశమంత పొడవైన తాళపుచెవిని ముందే పంచుకొనవలెను. వైనర్ ఆ తాళపుచెవికి బదులు హోరును తీసికొనెను. నిన్నటిదాక శత్రువనుకొన్న హోరు కావలివాడయ్యెను.

వినువారు పెక్కురైనప్పుడు కథ మరల క్రొత్తదగును. ఆదిపర్వములో పాండవులు వారణావతమునకు బయలుదేరుచుండగా విదురుడు పౌరులందరి యెదుట ధర్మరాజుతో గూఢముగా మాటాడిన ఘట్టమును విద్యార్థులు చదివియుందురు. మా నెల్లూరి తిక్కన తెనిగించిన పదునైదు పర్వములలోనిది కాదని నాకు కొంచెము విచారము! అందరును వినిరి, ధర్మరాజునకొక్కనికే అర్థమైనది. ప్రక్కనున్న కుంతియు తరువాత అడిగి తెలిసికొనవలసి వచ్చెను. అందరికి ఒక మాట, ఒక్కనికి మరియొక మాట, ఒకే పలుకులో. ఇట్టి సమస్యను హంగరీ దేశీయులైన చిసార్, కోర్నర్ 1978లో సంపూర్ణముగా పరిష్కరించిరి. కాని భేద మొకటున్నది. విదురునికిని ధర్మరాజునకును ముందే తెలిసిన గూఢభాష యొకటి కలదు, అనగా తాళపుచెవి కలదు. చిసార్, కోర్నర్లకు చెవుల తారతమ్యమే ఆధారము.

ఇంతవరకు చెప్పినది సాధ్యమగునని చూపు నిరూపణము. 435కు మించి సాధ్యము కాదని చూపుట వేరు విద్య. అది నాణెముల వలన రాదు. ఎంతటి మేధావి కల్పించు సంకేతమునకైనను వర్తింపవలెను. అందు మొదటి ఆయుధము ఫానో అసమానత. వినువాని ఊహ దాదాపు ఎప్పుడును తప్పకున్నచో వానికి మిగిలిన సందేహము చాల చిన్నదై యుండవలెనని దాని భావము. తిరుగవేసి చెప్పిన, సందేహము పెద్దదిగా మిగిలినదని లెక్క తేల్చినచో తప్పు అనివార్యము. రెండవ ఆయుధము చిసార్ పేరిటి మొత్తముల సమానత. ఉపాధ్యాయులకిది సుబోధమే. హాజరుపట్టీని అడ్డముగా కూడినను నిలువుగా కూడినను మొత్తమొక్కటే గదా! ఒకని గతమునకును మరియొకని భవిష్యత్తునకును గల సంబంధములను రెండు వరుసలలో కూడి, రెండు మొత్తములు సమానమని చూపి, అక్కరలేనివానిని కొట్టివేయుదురు.

ఈ నిరూపణములు కాలక్రమమున జటిలములై, ఒక్కొక్క సమస్యకు ఒక్కొక్క కట్టడము కావలసి వచ్చెను. ఇరాన్ దేశీయులు యాసాయీ, ఆరెఫ్, గోహరీ 2014లో సంకేతమును కట్టుటతో ప్రారంభింపక, పదములను కుప్పవోసి బుట్టలలో వెదజల్లుటతో ప్రారంభించిరి. అటుపై రెండే ప్రశ్నలు. బుట్టలు తగినంత తక్కువగా నున్నవా? అయినచో బుట్ట సంఖ్యకును పొంచినవాడు విన్నదానికిని సంబంధము తెగిపోవును, రహస్యము నిలుచును. బుట్టలు తగినంత ఎక్కువగా నున్నవా? అయినచో మిత్రుడు అసలు పదమును తిరిగి పట్టుకొనును. స్లెపియన్, వూల్ఫ్ల పొదుపును, వైనర్ రహస్యమును ఒకే త్రాసులోని రెండు సిబ్బెలైనవి. అయినను పని మిగిలియే యున్నది. మాట చెప్పువాడు, వినువాడు, నడుమ అందించు సహాయకుడు, ఈ ముగ్గురే గల అతిచిన్న వ్యవస్థకు సైతము సామర్థ్యమెంతో సాధారణముగా నేటికిని తెలియదు. 1971లో వాన్ డెర్ మ్యూలెన్ లేవనెత్తిన ప్రశ్న అది.

గూడూరునుండి రైలు దక్షిణముగా పోవ సూళ్లూరుపేట వచ్చును. అచ్చటినుండి పులికాటు సరస్సుమీదుగా శ్రీహరికోట. 2010 డిసెంబరు 25న అచ్చటినుండి లేచిన జి.ఎస్.ఎల్.వి.–ఎఫ్06 నౌకలో కొన్ని తీగల కూడళ్లు అకాలమున ఊడిపోయి, లోపలి యంత్రము పంపు ఆజ్ఞలు మొదటి అంచెకు చేరకపోయెను. నౌక అదుపు తప్పెను. 64వ సెకనున భూమినుండి విధ్వంసాజ్ఞ పంపి దానిని ముగించిరి. అట్టి ఆజ్ఞ యొకటి ఎంతటి హోరులోను చేరితీరవలెను. పరులెవ్వరును దానిని నేర్చి పలుకరాదు. పరులు పలుకకుండ చూచుట, పరులు వినకుండ చూచుట, ఈ రెండును వేరువేరు సమస్యలే యైనను ఒక్క తల్లి బిడ్డలు.

అట్టిచోట వైనర్ హోరునొక్కదానినే నమ్ముదురా? నమ్మరాదు. పొంచినవాడు ఎంత వినగలడో మనకు తెలిసియుండవలెనను షరతుపైననే ఆ నిరూపణము నిలిచియున్నది. అన్న 278 అని లెక్క వేసి బుట్టలు కట్టినాడు. సరుగుడుతోపులోని బేరగాడు లేచి, పంచె ఎగగట్టి, నీటి అంచునకు వచ్చి తమ్మునిప్రక్క నిలుచున్నచో 278 కాస్త 713 అగును, రహస్యము మిగులదు. లెక్క తప్పలేదు, మనిషి కదలినాడు. అందుచేతనే ఆచరణలో తాళపుచెవులును, ఛేదించుటకు దుర్ఘటమైన లెక్కలును నేటికిని రాజ్యమేలుచున్నవి.

దీపముల ఆటను మా తరగతిలో మూడు అట్టముక్కలతో ఆడించితిని. రెండు ముక్కలు మాత్రమే చూచిన విద్యార్థులు ఇరువదిమారులు ఊహించి, పదింట గెలిచిరి, పదింట ఓడిరి. ఇరువదియొకటవమారు వెనుక బల్లపైనున్న పిల్లవాడొకడు ఠక్కున సరిగా చెప్పి, ఆపై వరుసగా ఐదుమారులు తప్పకుండ చెప్పెను. వాడెట్లు చెప్పుచున్నాడాయని చూడగా, నా వెనుకనున్న కిటికీ అద్దములో వానికి మూడవ ముక్కయు కనబడుచున్నది.